కాంపౌండరుగారి మోతాదు

మా నాన్నగారి అసలు పేరు పరవాడలో సగంమందికి తెలియదు. సర్కారు కాగితాలలో ఆయన ఫార్మసిస్టు. ఊరికి మాత్రం కాంపౌండరుగారు. ఉద్యోగం వదిలి ఇరవయ్యారేళ్ళయినా ఆ పేరు ఆయనని వదలలేదు. 2009లో, ఎనభైరెండో ఏట ఆయన పోయినప్పుడు, చూడవచ్చిన వాళ్ళందరూ నన్ను "కాంపౌండరుగారి అమ్మాయివి కదూ?" అనే పలకరించారు. నాకప్పటికి యాభై ఎనిమిదేళ్ళు, ఇద్దరు మనవలు!

డాక్టర్ల గురించి కథలున్నాయి, నవలలున్నాయి, సినిమాలున్నాయి. కాంపౌండరు గురించి ఎవరు రాస్తారు? డాక్టరుగారి గదిలోంచి చీటీ పట్టుకుని బయటికి వచ్చినవాడికి కిటికీ అవతల కనిపించే రెండు చేతులే కాంపౌండరు. ఆ చేతుల గురించే నేను రాయబోతున్నాను.

పరవాడ అంటే ఇప్పటివాళ్ళకి సింహాద్రి విద్యుత్కేంద్రం పొగగొట్టాలు, ఫార్మాసిటీ గుర్తుకు వస్తాయి. 2022 ఏప్రిల్ నుంచి అది అనకాపల్లి జిల్లాలోకి పోయింది. నేను చెప్పే రోజుల్లో విశాఖపట్నం జిల్లాలో అదొక మామూలు పల్లెటూరు. తాటిచెట్లు, జీడితోటలు, అటునుంచి సముద్రపు గాలి. ముత్యాలమ్మపాలెం నుంచి చేపల గంపలు నెత్తిన పెట్టుకుని వచ్చే ఆడవాళ్ళు. పెద్దరోడ్డు ఎక్కాలంటే లంకెలపాలెం దాకా పోవాలి. నాన్నగారు ఆ చుట్టుపక్కల రెండుమూడు సర్కారు ఆసుపత్రులలో మార్చి మార్చి పనిచేశారు. ఎక్కడికి బదిలీ అయినా కాపురం మాత్రం పరవాడలోనే. సైకిలు మీద వెళ్ళేవారు, సైకిలు మీద వచ్చేవారు.

ఆయన పనిలో చేరింది 1948లో. ఫార్మసీ చట్టం వచ్చిందీ ఆ ఏడే. అంతకు ముందు మందులు కలపడానికి ఇంత చదువుండాలని దేశమంతటికీ ఒక కట్టుబాటు లేదు. 1951లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫార్మసీ శాఖ పెట్టారు. కాని అప్పటికే ఆసుపత్రులలో చేయి తిరిగినవాళ్ళు బోలెడుమంది వున్నారాయె. మొదటి రిజిస్టరు తయారుచేసినప్పుడు, అయిదేళ్ళు మందులు కలిపిన అనుభవం వుంటే వాళ్ళనీ చేర్చుకోవచ్చునని చట్టంలోనే రాశారు. నాన్నగారు ఫార్మసిస్టయింది ఆ దారినే. ఆ సర్టిఫికెట్టుకి చట్రం కట్టించి గోడకి తగిలించుకుంటారనుకున్నాం. ట్రంకుపెట్టెలో అడుగున, పెళ్ళి శుభలేఖ పక్కన పెట్టారు.

ఆ రోజుల్లో మందు అంటే రంగుకాగితంలో చుట్టిన బిళ్ళ కాదు, నీళ్ళమందు. సీసా ఎవరిది వారే తెచ్చుకోవాలి. నాన్నగారు ముందు సీసా మూత తీసి వాసన చూసేవారు.

"ఏం తాతా, నిన్న ఇందులో కిరసనాయిలు పోశావా?"

"లేదు బాబూ, మొన్న పోసినాను."

అంతే, సీసా వెనక్కి వెళ్ళేది. నూతి దగ్గర ఇసకా, బూడిదా వేసి కడుక్కొస్తే గాని మందు పడేది కాదు. తరువాత త్రాసు, గాజుకొలత, కల్వం. అప్పటి లెక్కలు గ్రెయిన్లు, డ్రాములు, ఔన్సులు. అరవై గ్రెయిన్లు ఒక డ్రాము, ఎనిమిది డ్రాములు ఒక ఔన్సు. మందు పోశాక ఒక కాగితపు ముక్కని మడతలు పెట్టి కత్తెరతో అంచులు కత్తిరించేవారు. విప్పితే సమానమైన గంట్లు పడివుండేవి. మైదాపిండి జిగురుతో దాన్ని సీసాకి అంటించేవారు. చదువు రానివాడైనా ఒక్కొక్క గంటు దాకా తాగితే చాలు, మోతాదు తప్పదు. ఆ కాగితం ఖరీదు కానీ అయినా వుండదు. కాని అదే లేకపోతే ఎంత గొప్ప డాక్టరు రాసిన చీటీ అయినా ఏం లాభం?

మందు కలపడంతో ఆయన పని అయిపోయేది కాదు. సీసా చేతిలో పట్టుకుని పరీక్ష పెట్టేవారు.

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు బాబూ."

"అన్నానికి ముందా, తరవాతా?"

"తరవాతే."

"తాగేముందు ఏం చెయ్యాలి?"

"దేవుడికి దణ్ణం ఎట్టుకోవాల."

"అదీ చెయ్యి. సీసా కూడా ఊపు."

జవాబు సరిగా చెప్పనివాడికి సీసా వచ్చేది కాదు. వెనక వరసలో వున్నవాళ్ళు గోలపెట్టేవారు. నాన్నగారు వినిపించుకునేవారు కాదు. సగం మందు సీసాలోనూ, సగం మందు మాటలోనూ వుందని ఆయన సిద్ధాంతం.

ఇంటికి వచ్చినా ఆ చేతులకి వేరే అలవాటు లేదు. ఒకటో తారీకున జీతం తెచ్చి, పలకమీద పొడిమందు పంచినట్టు చాపమీద పంచేవారు. ఏపీసీ పొడి పొట్లాలు కట్టినట్టే డబ్బు పొట్లాలు కట్టేవారు. బియ్యం, పాలు, బడి జీతాలు, కిరసనాయిలు, దేవుడు, చుట్టాలు. పొట్లం మీద పెన్సిలుతో పేరు. బియ్యం పొట్లంలోంచి చుట్టాలకి ఖర్చుపెట్టడమంటే ఆయన దృష్టిలో క్వినైను సీసాలో టింక్చరు పోయడమే. చుట్టాల పొట్లం అయిపోయాక వచ్చిన చుట్టాలకి కూడా మర్యాద జరిగేది గాని, ఆ నెల ఆయన చుట్టలు కాల్చడం మానేసేవారు.

ఆ పొట్లాలలో ఒకదాని మీద 'సబ్బు' అని వుండేది. ఇంట్లో అందరి ఒంటిసబ్బుకీ, బట్టలసబ్బుకీ వేరే పొట్లం వుంది. ఇది మా అమ్మది. అమ్మది అంటే, అమ్మ కాలిది.

1953లో, నాకు రెండేళ్ళప్పుడు, అమ్మకి ఒకనాటి సాయంత్రం చలితో జ్వరం వచ్చిందట. గజ్జల్లో బిళ్ళ కట్టింది. ఎడమకాలు ఎర్రగా పొంగింది. నాలుగు రోజులకి జ్వరం తగ్గింది, వాపూ తీసింది. రెండు నెలలకి మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీసింది. అలా వస్తూ పోతూ, నాలుగైదేళ్ళకి జ్వరం పోయినా వాపు పోవడం మానేసింది. మా కోస్తా జిల్లాల వాళ్ళకి నేను వేరే చెప్పక్కరలేదు. బోదకాలు.

అప్పుడామెకి పాతికేళ్ళు నిండలేదు. ఊరందరికీ మందిచ్చే మనిషి ఇంట్లో, మందులేని రోగం వచ్చి కూర్చుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఆ రోగానికి మందు కనిపెట్టించినవాడు మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన పెద్దరికం కింద 1940ల చివర బయటపడిన మందే డైఇథైల్ కార్బమజీన్. హెట్రజాన్ అనేవారు. సుబ్బారావుగారు మళ్ళీ దేశం చూడకుండానే 1948 ఆగస్టులో, యాభైమూడో ఏట న్యూయార్కులో పోయారు. ఆయన పోయిన ఏడే తాను కల్వం పట్టానని నాన్నగారు ఎప్పుడూ చెప్పుకునేవారు, ఏదో పెద్ద చుట్టరికం వున్నట్టు.

మరి మందుండగా మందులేని రోగమేమిటంటారా? బోదకాలు దోమవల్ల వస్తుంది. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి చేరిన పురుగు పెరిగి లింఫు నాళాలలో కాపురం పెడుతుంది, ఏళ్ళ తరబడి బతుకుతుంది, పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు రక్తంలో తిరుగుతాయి. సుబ్బారావుగారి బిళ్ళ ముఖ్యంగా ఆ పిల్లల్ని చంపుతుంది. దానితో రోగం మరొకరికి పాకకుండా ఆగుతుంది. కాని నాళాలు పాడయి వాపు నిలిచిపోయిన కాలుని ఏ బిళ్ళా మళ్ళీ మామూలు కాలు చెయ్యలేదు. అమ్మ కూడా పన్నెండురోజుల వరస మింగింది. కాలు అలాగే వుంది.

1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయింది. తరువాత మా వైపు కూడా రక్తం తీసేవాళ్ళు వచ్చారు. రక్తం తీయడం పగలు కాదు, రాత్రి! ఆ పురుగు పిల్లలకి అదేం మాయో, పగలు లోపలెక్కడో దాక్కుని, దోమలు కుట్టే వేళకి రాత్రి పై రక్తంలోకి వస్తాయి. ఇది శాస్త్రం. కాని రాత్రి తొమ్మిది దాటాక లాంతరు పట్టుకుని తలుపుకొట్టి "రక్తం కావాలి" అంటే ఎవరిస్తారు చెప్పండి?

"ఏటి బాబూ, పగలు కనపడదేటి రగతం?" అని ఒక ముసలమ్మ తలుపు సందులోంచి కేకేసింది.

నాన్నగారిని తోడు తీసుకెళ్ళేవారు. ఆయన ప్రతి వీథి మొదట్లోనూ ముందు తన వేలే చాపేవారు. పదిరోజుల్లో ఆయన వేళ్ళు అన్నం కలుపుకోవడానికి పనికిరాకుండా పోయాయి. బిళ్ళలిచ్చాక మరో చిక్కు. రక్తంలో పురుగులున్నవాడికి బిళ్ళ వేసుకోగానే ఒళ్ళునొప్పులు, జ్వరం. "బాగున్నవాడికి జబ్బు తెప్పించారు" అని తిట్టి మానేసేవారు. నాన్నగారు ఇల్లిల్లూ తిరిగి, "జ్వరం వచ్చిందా? మంచిదే, పురుగు చస్తోంది. చచ్చేవాడు ఊరికే చస్తాడా? కాళ్ళూ చేతులూ కొట్టుకుంటాడు. నువ్వు ఓపిక పట్టు" అని చెప్పేవారు. ఇలాంటి వైద్యం ఏ పుస్తకంలోనూ వుండదు, కాని బిళ్ళలు లోపలికి వెళ్ళాయి.

అన్ని ఇళ్ళూ తిరిగివచ్చాక మా ఇంట్లో పని మొదలయ్యేది.

రాత్రి ఎంత పొద్దుపోయినా సరే, అమ్మ పీటమీద కూర్చోవాలి. ఆయన తపేలాతో నీళ్ళు, సబ్బు, మెత్తటి పాతపంచె ముక్కలు తెచ్చుకునేవారు. మోకాలి నుంచి కిందికి సబ్బు రాసి, తోమకుండా నెమ్మదిగా కడిగేవారు. వేళ్ళ సందులు ఒక్కొక్కటీ విడదీసి కడిగేవారు. తరువాత అద్ది అద్ది తడి ఆర్చేవారు. వేళ్ళమధ్య ఒరిసినా, చిన్న పగులు కనిపించినా, బెంజోయిక్ ఆమ్లమూ సాలిసిలిక్ ఆమ్లమూ వాసెలిన్‌లో తానే నూరిన విట్‌ఫీల్డు లేపనం రాసేవారు. మంచం కాలివైపు కోళ్ళకింద రెండు ఇటుకలు. పడుకునేముందు మడమ పైకీ కిందికీ ఆడించాలి, ఆయన లెక్కపెట్టాలి.

ఇది ఎవరు నేర్పారని తరువాత ఎప్పుడో అడిగాను. "ఎవరూ నేర్పలేదు. వేళ్ళసందు చెడినప్పుడల్లా వారంలో జ్వరం వస్తోందని గమనించాను. సందు చెడకుండా చూస్తే జ్వరం రాదు కదా అనుకున్నాను. అంతే" అన్నారు. నిజంగానే ఏడాదికి ఆరేడుసార్లు వచ్చే జ్వరం, ఒకటి రెండుకి దిగింది. కాలు తగ్గలేదు, కాని పెరగడం ఆగింది.

మా నాయనమ్మకి ఇది బొత్తిగా నచ్చేది కాదు.

"మగాడివి, పెళ్ళాం కాళ్ళు పట్టుకుంటావుట్రా?"

"నేను పట్టుకున్నది రోగి కాలమ్మా" అనేవారు నాన్నగారు, తల ఎత్తకుండానే.

ఆ జవాబుతో నాయనమ్మ నోరు మూతపడింది గాని, అమ్మ మొహం ఎందుకో చిన్నబోయేది. అప్పటికే ఆమె పేరంటాలకి వెళ్ళడం మానేసింది. పేరంటానికి వెళితే కాళ్ళకి పసుపు రాయించుకోవాలి. రాసేవాళ్ళు ఎడమకాలు దగ్గర చెయ్యి ఆపుతారు. ఆ ఆపడం చూడలేక, "వంట్లో బాగులేదు" అని నా చేత కబురు పంపేది.

ఒక శ్రావణ శుక్రవారం రాత్రి కాలు కడిగి, తుడిచి, నాన్నగారు లేచివెళ్ళారు. లేపనం డబ్బీ తెస్తారనుకున్నాం. దేవుడి గూట్లోంచి పసుపుగిన్నె తెచ్చారు. రెండు పాదాలకీ రాశారు. ఎడమపాదానికి కాస్త ఎక్కువే పట్టింది. నాయనమ్మ వసారాలోంచి చూస్తూనే వుంది.

"ఇదీ రోగికేనా?" అంది.

"కాదు. ఇది నీ కోడలికి."

అమ్మ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న నూతి దగ్గర పాదాలకి నీళ్ళు తగలకుండా ఎంతో జాగ్రత్తగా నడవడం నేను చూశాను.

నా పెళ్ళి ప్రయత్నాలు 1971లో మొదలయ్యాయి. బోదకాలు వంశంలో వస్తుందని అప్పటికీ ఎందరో నమ్మేవారు. పెళ్ళిచూపులకి ఎవరైనా వస్తే అమ్మ వంటింట్లోనే వుండిపోతానంది. మా మేనత్త కూడా అదే మంచిదంది. నాన్నగారు ఒప్పుకోలేదు.

"తల్లి లేకుండా పిల్లని చూపించడానికి తల్లి పోయిందా?" అన్నారు.

మొదట వచ్చినవారు అమ్మ చీరకుచ్చెళ్ళకేసి చూశారు, కాఫీ తాగారు, వెళ్ళి ఉత్తరం రాస్తామన్నారు. ఆ ఉత్తరం ఇప్పటికీ రాలేదు. రెండోవారు ఉత్తరం రాశారు, అది రాకపోయినా బాగుండేది. ఆ రాత్రి అమ్మ పీటమీద కూర్చోనంది. "నా కాలు కడిగి ఏం లాభం? పిల్ల గొంతు కోశాక" అంది. నాన్నగారు నీళ్ళు పక్కన పెట్టుకుని అలాగే కూర్చున్నారు. గంట కొట్టింది, రెండు కొట్టింది. చివరికి నేనే వెళ్ళి, "అమ్మా, నీ కాలు చూసి వద్దనేవాళ్ళ ఇంట్లో నాకు జ్వరం వస్తే కడిగేవాళ్ళెవరే?" అన్నాను. ఆవిడ ఏడ్చింది, తరువాత కాలు చాపింది.

మూడో సంబంధం ఒక మాస్టారిది. వాళ్ళు అడగకముందే నాన్నగారు సీసా చేతికిచ్చేటప్పుడు చెప్పినట్టు వరసగా చెప్పేశారు. ఇది వంశంలో వచ్చేది కాదు, అంటుకుంటే వచ్చేదీ కాదు, దోమవల్ల వస్తుంది, పిల్లకి రాత్రి రక్తం పరీక్ష చేయించాను, ఏమీ లేదు, కావాలంటే మీవాళ్ళ చేత మళ్ళీ చేయించుకోండి. మాస్టారు అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, "అయితే లాంఛనాల జాబితాలో ఒక దోమతెర కూడా రాసుకుందామా?" అన్నారు. ఇల్లంతా నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. దోమతెర మాత్రం నిజంగానే ఇచ్చారు. మేము దాన్ని ఇరవై ఏళ్ళు వాడుకున్నాం.

1983లో ఉద్యోగుల విరమణ వయసు యాభై ఎనిమిది నుంచి యాభై అయిదుకి దిగింది. నాన్నగారికి అప్పటికి యాభై ఆరు. ఫిబ్రవరి నెలాఖరున ఇంటికి వచ్చి సైకిలు గోడకి ఆనించి, "ఇకనుంచి కాలు సాయంత్రం వెలుతురుండగానే కడగవచ్చు" అన్నారట అమ్మతో. అంతకు మించి ఆయన ఆ సంగతి మాట్లాడగా ఎవరూ వినలేదు.

చాలామంది మందుల షాపు పెట్టమన్నారు. మరొకరు సర్టిఫికెట్టు అద్దెకివ్వండి, షాపుకి రానక్కరలేదు, నెలనెలా ఇంత అన్నారు. చట్టం ప్రకారం మందు ఇచ్చేచోట రిజిస్టరయిన ఫార్మసిస్టు వుండాలి కదా, గోడమీద కాగితం వుంటే చాలునని వాళ్ళ ఊహ. అప్పటికి మా తమ్ముడి చదువు కింద చేసిన అప్పు ఇంకా తీరలేదు. ఆ డబ్బు అక్కరకొచ్చేదే. నాన్నగారు మాత్రం, "కాగితం మందివ్వగలదా? రోగి మోతాదు అడిగితే చెబుతుందా?" అని పంపించేశారు. అప్పు తీరడానికి మరో నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళూ పింఛను పొట్లాలు చిన్నవయ్యాయి. సబ్బు పొట్లం ఒక్కటే చిన్నదవలేదు.

అమ్మ 1994లో పోయింది. గుండెజబ్బు, కాలు కాదు. దహనానికి ముందు స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళని ఒక్క క్షణం ఆగమని, ఎడమకాలు తానే కడిగారు. అద్ది తడి ఆర్చారు. ఎవరూ వద్దనలేదు.

ఆ తరువాత ఆయనకి సాయంత్రాలు గడవడం కష్టమయింది. కొన్నాళ్ళకి చేతిసంచీలో సబ్బూ, గుడ్డముక్కలూ పెట్టుకుని బయలుదేరడం మొదలుపెట్టారు. ఊళ్ళో బోదకాళ్ళవాళ్ళు ఎవరెవరో ఆయనకి తెలియనిదా? వాళ్ళ కాళ్ళు ఆయన కడిగేవారు కాదు. ఇంట్లో కొడుకునో, కోడలినో, మనవరాలినో పిలిచి కూర్చోబెట్టి నేర్పేవారు. నేర్పాక పాత అలవాటే. "మళ్ళీ చెప్పు. కడిగాక ఏం చెయ్యాలి?" "అద్దాలి." "రుద్దాలా?" "కాదు, అద్దాలి."

2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫైలేరియాని నిర్మూలించడానికి ప్రపంచ కార్యక్రమం పెట్టింది. అందులో రెండు భాగాలు. ఒకటి, రోగం పాకకుండా ఏటేటా అందరికీ బిళ్ళలు. రెండు, ఇప్పటికే కాలు వాచినవాళ్ళ సంరక్షణ. రోజూ సబ్బుతో కడగడం, తడి ఆర్చడం, పగుళ్ళకి లేపనం, కాలు ఎత్తులో పెట్టడం, మడమ ఆడించడం. ఆ కరపత్రం మా తమ్ముడు తెచ్చి చదివి వినిపిస్తే నాన్నగారు కళ్ళు మూసుకుని విన్నారు. "ఇటుకలు రాశారా?" అని అడిగారు. ఎత్తులో పెట్టమని రాశారు గాని ఇటుకలని రాయలేదు. "ఇటుకలు రాయవలసింది. లేకపోతే తలగడ పెడతారు, నిద్దట్లో జారిపోతుంది" అన్నారు.

2004లో దేశంలో ఈ రోగమున్న జిల్లాలన్నిటా ఏటేటా బిళ్ళలు పంచడం మొదలయింది. మా వీథికి వచ్చిన ఆరోగ్య కార్యకర్త చిన్నపిల్ల. బిళ్ళలు చేతిలోపెట్టి, పేరు రాసుకుని వెళ్ళిపోబోతూంటే నాన్నగారు పిలిచారు. "అమ్మాయ్, నేను మింగానో లేదో చూడకుండా వెళితే ఎలా? మా వీథిలో సగం బిళ్ళలు గూట్లోకి వెళతాయి. మంచినీళ్ళ చెంబు నువ్వే అడుగు" అన్నారు. ఆ సాయంత్రం ఆ పిల్లతోపాటు చెంబు పట్టుకుని డెబ్భైఏడేళ్ళ మనిషి వీథంతా తిరిగారు.

ఇప్పుడు పరవాడలో మందులు టన్నులకొద్దీ తయారవుతున్నాయి. మా తమ్ముడి కొడుకు అక్కడే ఒక కంపెనీలో పరీక్షల విభాగంలో చేరాడు. వాడి దగ్గరున్న త్రాసు మిల్లీగ్రాములో పదోవంతు కూడా చూపుతుందని తాతగారితో గొప్పగా చెప్పాడు. ఆయనకి ఎంతో సంతోషం వేసింది. దాని తలుపులెలా వుంటాయి, గాలి తగిలితే ఏమవుతుంది అని గంటసేపు అడిగారు. చివర, "ఈ మందు ఎవరు వేసుకుంటారురా?" అన్నారు.

"ఎక్కడికో వెళుతుంది తాతా. విదేశాలకి."

"అక్కడ కిటికీలో ఎవరైనా వుంటారా, మోతాదు చెప్పడానికి?"

వాడు నవ్వి వూరుకున్నాడు. ఆయన ఎత్తిపొడవలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ఇప్పుడు మందుల షాపులో బిళ్ళల అట్టని కత్తెరతో కత్తిరించి ఇస్తూంటే, పేరు ఒక ముక్కలోనూ గడువు తారీకు మరో ముక్కలోనూ పోతూంటే, ఆ ప్రశ్న నాకు గుర్తుకొస్తుంది. అదే కత్తెర. కాని ఆ రోజుల్లో దానితో గంట్లు కత్తిరించేవారు.

ఆయన పోయాక పెట్టె తీశాం. త్రాసు, కల్వం, శుభలేఖ, చట్రం కట్టించని సర్టిఫికెట్టు. ఆ నెల పింఛను పొట్లాలు వరసగా వున్నాయి. బియ్యం, పాలు, కరెంటు, దేవుడు. సబ్బు పొట్లంలో నాలుగు వంద నోట్లూ, ఒక చీటీ వున్నాయి. చీటీలో పదకొండు ఇళ్ళ గుర్తులున్నాయి. ఇంటి గుర్తు పక్కన, ఆ ఇంట్లో కాలు కడగడం నేర్చుకున్నది ఎవరో రాసి వుంది. కొడుకు, కోడలు, మనవరాలు, కోడలు. ఒకచోట మాత్రం 'ఎవరూ లేరు, ఆదివారం నేనే' అని వుంది.

ఆ రోజు శనివారం. మర్నాడు మా తమ్ముడు వెళ్ళాడు.